గురి బోల్టులో లేదు

"తనంతట తాను తూటా నింపుకొనే తుపాకికి గురి ఉండదు." తుపాకి పట్టి ఎరిగినవారూ, ఎన్నడూ పట్టనివారూ ఒకే ధీమాతో పలికే వాక్యమిది. ఎన్.సి.సి. శిబిరాలలో విన్నాను. విశ్రాంత సైనికుల గోష్ఠిలో విన్నాను. జిల్లా స్థాయి క్రీడాధికారుల నోట విన్నాను. ఇటీవల ఒక దినపత్రిక క్రీడాపుటలో కూడ చదివాను. ఒక్కొక్క తూటాకూ బోల్టు లాగి, మూసి, ఊపిరి బిగబట్టి కాల్చినదే గురియట. మీట నొక్కినపుడల్లా ఒక గుండు పేల్చి, తక్కిన పని తానే చేసుకొనే సెమీ ఆటోమేటిక్ తుపాకి వట్టి టపాకాయట!

ఈ మాట శాస్త్రరీత్యా తప్పు, తర్కరీత్యా తప్పు. అంతకు మించి, మా తీరప్రాంతపు బిడ్డలకు హాని చేసే మాట. కనుకనే ఈ టపా.

"తెలుగు పండితుడికి తుపాకితో ఏమి పని?" అని చదువరులు అడుగవచ్చును. నెల్లూరు జిల్లా సముద్రతీరాన ఒక ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్ళు ఆంధ్రభాషోపాధ్యాయుడిగా పనిచేశాను. ఆ రోజులలో పాఠశాలలోని ఎన్.సి.సి. దళం బాధ్యత తీసుకొనేవారు లేక అది నా మెడకు చుట్టుకొన్నది. ఉదయం సంధులూ సమాసాలూ, సాయంత్రం కవాతు. ఏటేటా శిబిరంలో పిల్లల ప్రక్కన బోర్లా పడుకొని, 25 గజాల దూరాన ఉన్న కాగితంపై వారు కాల్చిన గుండ్ల రంధ్రాలను లెక్కించడం నా విధి. వ్యాకరణం చదివినవాడికి ఒక దురలవాటు ఉంటుంది. ఎవరైనా సూత్రం చెబితే దానికి ఉదాహరణం, ప్రత్యుదాహరణం అడుగుతాడు. పై సూత్రానికి ఉదాహరణం చూపినవారు నాకు ఇంతవరకూ తారసపడలేదు.

ముందుగా మాటల అర్థం తేల్చుకొందాం. రిమ్‌ఫైర్ తూటా అనగా అడుగంచులో పేలుడు మందు పూసిన తూటా. సుత్తి ఆ అంచును నొక్కితే నిప్పు పుడుతుంది. ఎన్.సి.సి. పిల్లలు "పాయింట్ టూటూ" అని పిలిచే .22 లాంగ్ రైఫిల్ తూటా ఈ జాతిదే. 1887లో అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీ దీనిని ప్రవేశపెట్టింది. నూట ముప్పై ఏళ్ళు దాటినా నేటికీ ప్రపంచ పోటీలలో పేలుతున్నది ఇదే. గుండు బరువు సుమారు 2.6 గ్రాములు; మెత్తని సీసం. పోటీ తూటాలలో దాని వేగం సెకనుకు 320, 330 మీటర్ల ప్రాంతంలో, ధ్వనివేగానికి లోపలే ఉంచుతారు.

ఇక తుపాకులలో భేదం. బోల్టు తుపాకిలో కాల్చినవాడే చేతితో బోల్టు లాగి ఖాళీ తొడుగును బయటకు తీయాలి, కొత్త తూటా పెట్టి మూయాలి. సెమీ ఆటోమేటిక్‌లో పేలుడు శక్తే బోల్టును వెనుకకు నెడుతుంది. స్ప్రింగు దానిని ముందుకు తెస్తుంది. వస్తూ వస్తూ అది మ్యాగజైనులోని తూటాను లోపలికి నెడుతుంది. మీట ఒకసారి నొక్కితే ఒక గుండే వస్తుంది. మీట వదలకుండా పట్టుకొంటే వరుసగా కురిసే మరతుపాకి వేరు. ఈ రెంటినీ ఒకే గాటకట్టి మాట్లాడేవారితో వాదం అనవసరం.

ఇప్పుడు పూర్వపక్షం. ప్రతివాదులు మొదట చూపేది నియమావళిని. "ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల రైఫిల్ పోటీకి ఒక్కొక్క తూటా చేతితో పెట్టుకొనే తుపాకినే అనుమతిస్తారు గదా! సెమీ ఆటోమేటిక్‌కు గురి ఉంటే ఎందుకు నిషేధిస్తారు?" అంటారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో మన హైదరాబాదు గగన్ నారంగ్ 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో బంగారు పతకం గెలిచినదీ, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే అదే పోటీలో కంచు పతకం తెచ్చినదీ చేతితో తూటా పెట్టే తుపాకులతోనే. ఇదంతా నిజమే.

కాని నిషేధం నుండి అసమర్థతను ఊహించడం హేత్వాభాసం. చదరంగం పోటీలో గణకయంత్రాన్ని నిషేధించారు. యంత్రానికి చదరంగం రాదనా? పరుగుపందెంలో సైకిలును రానివ్వరు; సైకిలు నెమ్మదిగా పోతుందనా? పోటీ నియమాలు మనిషిలోని ఏ గుణాన్ని పరీక్షించాలో నిర్ణయిస్తాయి. మంచుపై స్కీలతో జారుతూ వచ్చి, ఆయాసంతో ఎగసే గుండెను అదుపులో పెట్టుకొని 50 మీటర్ల దూరాన గుండ్రని లక్ష్యాలను కొట్టే బయాథ్లాన్ అనే ఆట ఉన్నది. తూటా ఇదే .22. పడుకొని కాల్చేటప్పుడు లక్ష్యం 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు. అక్కడా సెమీ ఆటోమేటిక్ నిషిద్ధమే. దానితో ఆ లక్ష్యాలను కొట్టలేరని ఆ ఆట తెలిసినవారెవరూ అనరు. బోల్టు లాగే చేతి నేర్పు కూడ ఆ ఆటలో పరీక్షకు వచ్చే విద్య కనుక దానిని యంత్రానికి వదలలేదు.

ఇందుకు ఎదురు సాక్ష్యం కావాలా? అమెరికాలో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం అనే సంస్థ రిమ్‌ఫైర్ స్పోర్టర్ పేరిట సామాన్యమైన .22 రైఫిళ్ళతో పోటీలు నడుపుతుంది. అక్కడ బోల్టు తుపాకీ, సెమీ ఆటోమేటికూ ఒకే వరుసలో పడుకొంటాయి. త్వరితగతిని ఐదేసి గుండ్లు కాల్చే ఘట్టంలో బోల్టు వారికి 30 సెకన్లు ఇస్తారు, సెమీ ఆటోమేటిక్ వారికి 25. గమనించండి: ఎక్కువ సమయం బోల్టు వారికే. సెమీ ఆటోమేటిక్ గురి లేని టపాకాయ అయితే దానికి ఐదు సెకన్లు కోత పెట్టవలసిన అవసరమేమి? రెంటి గురీ పోల్చదగినదని నమ్మినందువల్లనే కదా, వేగంలోని తేడాను మాత్రమే కాలంతో సరిచేశారు!

రెండవ పూర్వపక్షం కొంచెం బరువైనది. "గుండు పేలగానే లోపల ఇనుప ముద్ద వెనుకకు దూకుతుంది. తుపాకి అదురుతుంది. అదిరే తుపాకికి గురి ఎక్కడిది?" అంటారు. చేతికి తగిలే అదురు అబద్ధం కాదు. అయితే ఆ అదురు ఎప్పుడు పుడుతున్నదో లెక్క కట్టి చూశారా?

లెక్క ఎనిమిదవ తరగతి పిల్లవాడికి అందేదే. గుండు బరువు 2.6 గ్రాములు. బోల్టు బరువు 180 గ్రాములు అనుకొందాం. అనగా బోల్టు గుండుకంటె సుమారు 70 రెట్లు బరువు. ఒకే శక్తి గుండును ముందుకూ బోల్టును వెనుకకూ నెట్టినపుడు, గుండు 70 పాళ్ళు కదిలితే బోల్టు ఒక పాలు కదులుతుంది. నాళం పొడవు 45 సెంటీమీటర్లు అనుకొంటే, గుండు ఆ పొడవంతా దాటి బయటపడేసరికి బోల్టు వెనుకకు జరిగినది ఆరేడు మిల్లీమీటర్లు. తొడుగుకూ ఛాంబరు గోడలకూ ఉండే రాపిడిని లెక్కిస్తే ఇంకా తక్కువే. తూటా మొత్తం పొడవే 25 మిల్లీమీటర్ల పైచిలుకు. బోల్టు అంతకంటె ఎక్కువ దూరం పోతే తప్ప కొత్త తూటాను అందుకోలేదు. అనగా ఆ ఇనుప ముద్ద తన దారి చివరకు పోయి "ఠక్కు"మని తగిలే వేళకు గుండు నాళాన్ని వదలి ఎగిరిపోయింది. మీ చేతికి తెలిసిన అదురు ఎగిరిపోయిన గుండుకు తెలియదు. పెళ్ళివారు వెళ్ళిపోయిన తరువాత మోగిన మేళంవంటిదది.

గుండు నాళంలో ఉండగా జరిగిన ఆ కొద్దిపాటి కదలిక మాటేమిటి? అది నాళానికి సమాంతరంగా, సూటిగా వెనుకకు జరిగే కదలిక. ప్రతి తూటాకూ ఒకే తీరున జరిగే కదలిక. గురికి శత్రువు కదలిక కాదు, మాటిమాటికీ మారే కదలిక. బోల్టు తుపాకి కూడ పేలినపుడు మొత్తంగా వెనుకకు జరుగుతుంది. అది ప్రతిసారీ ఒకే విధంగా జరుగుతుంది కనుక ఎవరూ ఆక్షేపించరు. ఒకే న్యాయం ఇద్దరికీ వర్తించాలి.

సెమీ ఆటోమేటిక్ రైఫిలులో అసలు లోపాలే లేవని నేను అనడం లేదు. ప్రతివాదులు చూపలేని లోపాలను నేనే చూపుతాను. మొదటిది ఛాంబరు. తూటా తనంతట తాను చులకనగా దూరిపోవాలి కనుక సామాన్యమైన సెమీ ఆటోమేటిక్‌లో ఛాంబరును కాస్త వదులుగా చేస్తారు. పోటీ బోల్టు తుపాకిలో తూటాను మూసినపుడే గుండు ముక్కు నాళంలోని గాడులను తాకి సరిగా మధ్యకు కుదురుకొంటుంది. వదులు ఛాంబరులో గుండు కొంత దూరం ఆధారం లేకుండా దూకి గాడులలో పడుతుంది. పడేటప్పుడు రవంత వంకర పడవచ్చును. రెండవది దెబ్బ. మ్యాగజైను నుండి వేగంగా నెట్టబడే మెత్తని సీసపు ముక్కు దారిలో దేనికైనా తగిలి సొట్టపడవచ్చును. మూడవది మీట. విపణిలో దొరికే చవక తుపాకులలో మీట బరువుగా, గరుకుగా ఉంటుంది. నొక్కే వేలే తుపాకిని ప్రక్కకు లాగుతుంది.

ఈ మూడూ స్వభావదోషాలా, పనితనపు లోపాలా? పనితనపు లోపాలే. ఛాంబరును బిగువుగా కోయవచ్చును. పోటీ ఛాంబరు బిగువుకూ, సులువుగా దూరే వదులుకూ నడుమ బెంట్జ్ ఛాంబరు అని ఒక కొలత ఉన్నది. తూటా ఎక్కే దారిని నునుపు చేయవచ్చును. మీటను సరిచేయవచ్చును. 1964లో వచ్చిన రూగర్ 10/22 అనే సామాన్యమైన సెమీ ఆటోమేటిక్‌ను తీసుకొని, మంచి నాళం బిగించి, మీట సరిచేసి, పోటీ తూటాలతో 50 గజాల దూరాన అరంగుళం ప్రాంతంలో ఐదు గుండ్లను కూర్చడం అక్కడి ఔత్సాహికులకు వింత కాదు. అత్యుత్తమమైన బోల్టు తుపాకి ఇంకొక మెట్టు పైన ఉంటుంది, ఒప్పుకొంటాను. ఆ మెట్టు ప్రపంచ విజేతల నడుమ దశాంశాలు తేల్చే చోట పనికివస్తుంది. నేర్చుకొనే బిడ్డ నేర్పుకు అది అడ్డు కానే కాదు.

మరి గురిని చెడగొట్టేది ఏమిటి? రెండు వస్తువులు. వీటిని గురించి మన అధికారులు పెదవి విప్పరు.

ఒకటి తూటా. రిమ్‌ఫైర్ తూటాలో పేలుడు మందు అంచు చుట్టూ ఒకే మందాన పరచుకోవాలి. ఒకచోట పలుచన, ఒకచోట దళసరి అయితే నిప్పు ఒకే తీరున అందుకోదు. గుండు వేగం మారుతుంది. ఒక గుండు 330 మీటర్ల వేగంతోనూ, మరొకటి 320 మీటర్ల వేగంతోనూ పోయినవనుకొందాం. 50 మీటర్లు చేరేసరికి రెండవది సుమారు 7 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఒలింపిక్ లక్ష్యపటంలో పది మార్కుల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. కాల్చినవాడి చేయి వణకకపోయినా, కన్ను చెదరకపోయినా, తుపాకి దేవతలు చేసినదైనా, తూటా తేడాతోనే పది పోయి తొమ్మిది కావచ్చును. అందుకే పెద్ద క్రీడాకారులు ఒకే కంపెనీ తూటాలలో కూడ ఏ లాటు తమ నాళానికి కుదురుతుందో పరీక్షించి, కుదిరిన లాటునే పెట్టెలకు పెట్టెలు కొంటారు. మన పిల్లలకు ఏ తూటా వస్తుందో ఎవరు చూశారు?

రెండవది గాలి. నెల్లూరు తీరవాసులకు దీనిని గురించి నేను చెప్పవలసినది లేదు. మైపాడు ఇసుకలో గాని, కృష్ణపట్నం రేవున గాని మధ్యాహ్నం దాటిన తరువాత నిలబడినవారికి సముద్రపు గాలి ఎంతటిదో తెలుసు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి తగిలితే .22 గుండు 50 మీటర్లకు సుమారు 25 మిల్లీమీటర్లు ప్రక్కకు పోతుంది. లక్ష్యపటంలో వలయానికి వలయానికి ఎడం 8 మిల్లీమీటర్లు. అనగా నట్టనడుమ తగలవలసిన గుండు పదినుండి ఏడుకు జారిపోతుంది. బోల్టు తుపాకి గుండుకూ ఇంతే, సెమీ ఆటోమేటిక్ గుండుకూ ఇంతే. గాలి తుపాకి జాతిని అడగదు.

ఇన్ని చెప్పినా, "ఇదంతా పుస్తకపు లెక్క, పోటీలో గెలిచినవారిని చూపించు" అంటారా? చూపిస్తాను. 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడే ఆయుధం ఏది? ఇదే .22 లాంగ్ రైఫిల్ తూటా. ఇదే సెమీ ఆటోమేటిక్ యంత్రం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో వెండి పతకం తెచ్చినది దీనితోనే. ఆ పోటీలో ఐదు లక్ష్యాలమీద ఐదు గుండ్లను మొదట 8 సెకన్లలో, తరువాత 6 సెకన్లలో, చివరకు 4 సెకన్లలో కాల్చాలి. మన తెలుగునేలకు వస్తే, 2005లో హైదరాబాదులో పుట్టిన ఈషా సింగ్ పదమూడేళ్ళ వయసులో, 2018లో, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగతంగా వెండి, మనూ భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టుగా బంగారం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే పోటీలో మన దేశం తరఫున నిలిచింది. ఆ 25 మీటర్ల పోటీలో సగం గుండ్లు నిదానంగా, సూక్ష్మంగా కాల్చవలసినవి. తక్కిన సగం, లక్ష్యం మూడు సెకన్లు కనబడి మాయమయ్యేలోపల కాల్చవలసినవి. ఒకే యంత్రం రెంటికీ చాలుతున్నది.

"పిస్టల్ పటంలో పది వలయం 50 మిల్లీమీటర్లు, రైఫిల్ పటంలో 10.4. రెంటికీ పోలికేమిటి?" అని చురుకైనవారు అడ్డు తగులుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు: పిస్టల్‌ను ఒంటిచేత్తో, చేయి చాచి పట్టుకొని కాల్చాలి, రైఫిలును భుజానికి ఆనించి, పటకాతో బిగించి కాలుస్తారు. వలయం పెద్దది చేసినది మనిషి చేయి వణుకును లెక్కించి. యంత్రానికి గురి లేదని కాదు. పతకాలు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ బోల్టు రైఫిలుకు సాటి అని నిరూపించవు. నేను ఆ మాట అననూ లేదు. రిమ్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ యంత్రాన్ని సూక్ష్మమైన గురికి పనికిరాదని తోసిపుచ్చడం మాత్రం ఆ పతకాల ముందు నిలవదు.

ఇక నా శాస్త్రంలోకి వస్తాను. భారతంలో ద్రోణుడు పెట్టిన పక్షి పరీక్ష మన అధికారులందరికీ కంఠస్థం. పక్షి కన్ను తప్ప మరేదీ కనబడలేదన్న అర్జునుడి ఏకాగ్రతను ప్రతి సభలోనూ ఉపన్యసిస్తారు. ఆ అర్జునుడికే సవ్యసాచి అన్న పేరెందుకు వచ్చిందో మరచిపోతారు. రెండు చేతులతోనూ బాణాలు వేయగలవాడు సవ్యసాచి. విలువిద్యలో మనవారు లాఘవమనీ సౌష్ఠవమనీ రెండు గుణాలను జంటగా పేర్కొన్నారు. లాఘవం చేతి చురుకు. సౌష్ఠవం పట్టులోని తీరు. ఒకటి ఉంటే మరొకటి ఉండదని ఏ ఆచార్యుడూ అనలేదు. రెండూ ఉన్నవాడినే విలుకాడన్నారు. తిక్కన సోమయాజి తిరిగిన ఈ నెల్లూరి గడ్డమీద నిలబడి, వేగంగా వేసేవాడికి గురి రాదని అధికారులు పలుకుతుంటే, ఒక తెలుగు పండితుడు నోరు మూసుకొని ఉండగలడా?

ఈ వాదం ఎందుకింత పట్టుదలగా చేస్తున్నానో ఇప్పుడు చెబుతాను. నా దళంలో ఒక మత్స్యకారుల పాళెం నుండి వచ్చిన అమ్మాయి ఉండేది. తండ్రితో పాటు విసురువల వేసిన చేయి. వల విసరడంలో ఉన్నదంతా ఆ ఒక్క క్షణం పట్టుకోవడమే గదా! శిబిరంలో ఆ పిల్ల కాల్చిన ఐదు గుండ్లూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. అయితే పటం నడుమ కాదు. ఎడమవైపు కింది మూలన. అవి మార్కులకు రాలేదు. తెలిసినవాడెవడైనా ఆ పటం చూస్తే, ఇక్కడ పట్టు గట్టిది, తుపాకి దృష్టిబిందువే సరిగా లేదని గ్రహిస్తాడు. దృష్టిబిందువును జరపడం రెండు నిమిషాల పని. గుండ్లను ఒకచోట కూర్చడం రెండేళ్ళ సాధన. అక్కడి పరీక్షాధికారి మాత్రం "గురి లేదు" అని రాసి పక్కన పెట్టాడు.

తరువాత ఆ పిల్ల, "అయ్యవారూ, నేను పిస్టల్ నేర్చుకోవచ్చునా?" అని అడిగింది. తెలిసినవారి ద్వారా ఒక శిక్షకుడి దగ్గరకు పంపాను. ఆయన సెలవిచ్చిన మాట: "అది టపటపా కాల్చే ఆట. గురి నేర్వాలంటే బోల్టు పట్టాలి. అది లేనివారు ఇందులోకి రాకూడదు." బోల్టు రైఫిల్ పోటీ సరంజామా ఖరీదు ఆ తండ్రి పడవ ఖరీదుతో పోటీ పడుతుంది. ఆ పిల్ల తిరిగి వచ్చింది. పదో తరగతి తరువాత చదువు కూడ ఆగింది. ఆమె ఎంతదూరం పోయేదో నేనెరుగను. ఆమెను ఆపినది పేదరికం ఒక్కటే కాదనీ, పైన చెప్పిన ఆ వాక్యం కూడ అందులో ఒక రాయి వేసిందనీ మాత్రం ఎరుగుదును.

నన్ను అపార్థం చేసుకొనేవారికి ఒక వివరణ. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను ఇంటింటికీ పంచమని నేను కోరడం లేదు. 2016 నాటి ఆయుధ నియమావళి వాటిని పరిమిత వర్గంలో ఉంచింది. పిస్టళ్ళను వేరొక వర్గంలో, లైసెన్సుకు లోబడి ఉంచింది. శాంతిభద్రతల కోసం చేసిన ఆ విభజనను నేను ప్రశ్నించను. చట్టానికి ఉన్న కారణం వేరు, గురికి ఉన్న కారణం వేరు. చట్టం ఒక వస్తువును కట్టడి చేసింది గనుక ఆ వస్తువులో నేర్పు లేదనుకోవడం, మందుషాపు తలుపు మూశారు గనుక మందుకు గుణం లేదనుకోవడంవంటిది.

నేను కోరేవి మూడు. ఒకటి: పిల్లలను ఎంచేటప్పుడు గ్రూపింగును ముందు చూడండి, పటం నడుమకు దూరాన్ని తరువాత చూడండి. ఒకచోట కూడిన గుండ్లను నడుమకు తేవడం తుపాకి సరిచేసేవాడి పని. చెదరిన గుండ్లను కూర్చడం ఎవరి తరమూ కాదు. రెండు: తుపాకి జాతిని గురించి ఉపన్యాసాలు మాని, తూటాల మీద, అరిగిపోయిన నాళాలను మార్చడం మీద డబ్బు పెట్టండి. శిబిరంలో ఏడాదికి ఐదో పదో గుండ్లు కాల్చిన బిడ్డకు గురి లేదని తీర్పు చెప్పడం, ఏడాదికి ఐదు పద్యాలు చదివించి ఛందస్సు రాలేదని తిట్టడంతో సమానం. మూడు: చేతి చురుకున్న పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, 25 మీటర్ల పిస్టల్ దారి నుండి తరిమివేయకండి. స్త్రీల 25 మీటర్ల పిస్టల్ 1984 నుండి ఒలింపిక్స్‌లో ఉన్నది. హైదరాబాదు అమ్మాయి ఆ దారిన ఆసియా వేదిక ఎక్కింది. మా తీరపు అమ్మాయి ఎక్కరాదని ఏ సూత్రంలో ఉన్నది?

ఇంత చదివిన తరువాత కూడ "అయినా బోల్టు బోల్టేనండీ" అనేవారు ఉంటారు. వారితో నాకు పేచీ లేదు. బోల్టు మంచిదే. దానిని పట్టుకొని గెలిచినవారికి నా నమస్కారాలు. కాని గురి ఉండేది నాళం నునుపులో, ఛాంబరు కుదుటులో, తూటా సమానతలో, మీటమీది వేలిలో, గాలిని చదివే కంటిలో. వీటిలో చివరి రెండూ మా పాళెం పిల్లలకు పుట్టుకతో అబ్బినవి. మొదటి మూడూ ఇవ్వవలసినవారు ఇవ్వకుండా, లేని సూత్రాన్ని అడ్డుపెట్టుకొని తప్పుకోరాదు. ఆ సూత్రానికి ఉదాహరణం ఎవరి వద్దనైనా ఉంటే పట్టుకొని రండి. పటం, తూటాల లాటు సంఖ్య, ఆ పూట గాలి వివరంతో సహా తెండి. చూసి మాట్లాడుకొందాం.

స్వస్తి.